చెట్టుకు బిగించిన పడుగు తాడు

మా ఇంట్లో పెరుగు తెల్లగా ఉంటుందని నేను ఎవరికీ హామీ ఇవ్వలేను. తోడు వేసేటప్పుడు తెల్లగానే ఉంటుంది. మూత ఎంత బిగించి పెట్టినా, తీసి చూసేసరికి పైన మగ్గాల నుంచి లేచిన సన్నని నూగు ఒక పొరలా వాలి ఉంటుంది. ఏ వారం ఏ రంగు నూలు నడుస్తోందో గిన్నె చూసి చెప్పవచ్చు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని మీగడ అనుకుని మెచ్చుకుంటారు. మేమూ సరిదిద్దం. భివండిలో పుట్టి, మగ్గాల సొమ్ముతో బీకాం చదివి, ధామన్కర్ నాకా దగ్గర నూలు దుకాణంలోనే కూర్చునే నాబోటివాడికి నూగు మీద ఫిర్యాదు చేసే హక్కు ఎంతవరకు ఉందో తెలియదు. ఉన్నంతవరకు చేస్తున్నాను.

ఆ నూగు పెరుగుతో తృప్తి పడదు. నాగావ్‌లో మా ఇంటికి ఆనుకునే మా అక్కా బావల మగ్గాల కార్ఖానా ఉంది, దాని ముందు ఒక వేపచెట్టు. ఎండాకాలమంతా అది బూడిద రంగులో ఉంటుంది. వేపాకు పచ్చగా ఉంటుందన్న సంగతి మా వీధి పిల్లలకు జూన్‌లో తెలుస్తుంది. మొదటి వానలకు ఆకుల మీది దూది కారిపోయాక చెట్టు అసలు రంగు బయటపడుతుంది. కిందటేడూ వాన పడింది, దూది కారిపోయింది, చెట్టులో సగం పచ్చగా తేలింది. మిగతా సగం ఎన్ని వానలు కడిగినా పసుపుగానే ఉండిపోయింది. ఎన్నాళ్ళ నుంచి అట్లా ఉందో మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. రోజూ దాని కింద నుంచే నడిచేవాళ్ళం.

చెట్టు ఛాతీ ఎత్తులో రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ మోరీ మీదుగా రోడ్డు వైపు పోతుంది. రెండోది వాకిలి మీద వంగి, కార్ఖానా సిమెంటు రేకుల పైదాకా వస్తుంది. పసుపుగా మారింది ఈ రెండోదే. దాని నీడలోనే మా అక్క కూర్చుంటుంది.

అక్క కండెలు చుడుతుంది. మగ్గం నాడెలో పెట్టే చిన్న కండెలకు నూలు ఎక్కించే మిషన్ ఆమెది. పెళ్ళయినప్పటి నుంచి కార్ఖానా లోపల, మగ్గాల పక్కనే కూర్చుని చుట్టింది. ఆయాసం పట్టుకున్నాక డాక్టరు నూగులో కూర్చోవద్దన్నాడు. భివండిలో నూగు లేని చోటు ఎక్కడుందో మాత్రం ఆయన చెప్పలేదు. బావ ఆలోచించి చెట్టు కింద అరుగు కట్టించి, ఆ మిషన్‌ను మోయించి దాని మీదకు మార్చాడు. వాన పడే పూట మిషన్ ఆపి ప్లాస్టిక్ కప్పేవాళ్ళు. పైన కొమ్మ, చుట్టూ గాలి. అప్పటి నుంచి ఆమెకు ఊపిరి ఆడుతోందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. కొమ్మ పోతే నీడ పోతుంది, నీడ పోతే అక్క మళ్ళీ లోపలికి, ఆ నూగులోకే పోవాలి. ఇంట్లో కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. ఒకసారి ఆ మాట అన్నందుకు బావ చాలా రోజులు తన అన్నం తానే వడ్డించుకున్నాడు.

ఆ కొమ్మకు అంతకుముందే కొంత చరిత్ర ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక గాలివానకు అది మొదలు దగ్గర కాస్త చీలి, రేకుల వైపు ఒరిగింది. కొట్టించమని అందరూ అంటే, వద్దని నిలబెట్టింది బావే. పడుగు, అంటే నిలువు పోగు, అయిపోయినప్పుడు మగ్గం మీద మూరెడు పోగులు మిగులుతాయి. వాటిని గోనెల్లో కుక్కి తుక్కుకు అమ్మేస్తారు. బావ వాటిలో గులాబీ రంగు పాలిస్టర్ పోగులు ఏరి, అతికి, వేలంత లావు తాడు పేనాడు. కొమ్మ చుట్టూ తిప్పి, వాకిట్లో పాతిన ఇనుప స్తంభానికి కట్టాడు. ముడి మాత్రం మా నేతవాళ్ళ ముడి. తెగిన పోగును అతికేటప్పుడు వేసేది. లాగినకొద్దీ బిగుస్తుంది తప్ప జారదు.

నేతపనిలో వదులు అంటే తిట్టుతో సమానం. ఒక్క పోగు వదులైతే పక్కదాన్ని పట్టుకుంటుంది, రెండూ తెగుతాయి, గుడ్డ మీద చార పడుతుంది. అందుకే ఎక్కడ వదులు కనిపించినా మా వాళ్ళ చేయి దానంతట అదే పోయి బిగిస్తుంది. దసరా నాడు మగ్గాలు ఆపి, పానాలు, కత్తెరలు, సుత్తెలు కడిగి బొట్లు పెడతాం. ఆ పూజ అయ్యాక అందరూ వాకిట్లోకి వచ్చి చెట్టు తాడును కూడా లాగి చూసి, ఉన్న కాస్త వదులూ తీసేసి, దానికీ ఒక బొట్టు పెట్టేవారు. పనిముట్లలో అదీ ఒకటి అయిపోయింది. కొన్ని దసరాలు గడిచాక కొమ్మ చుట్టూ ఉన్న తాడు కనిపించడం మానేసింది. బెరడు రెండు వైపుల నుంచి ఉబ్బి దాన్ని మింగేసింది. చెట్టు తాడును తనలో కలుపుకుందని బావ సంబరపడ్డాడు. మేమూ సంబరపడ్డాం. ఆ తర్వాత ఆ ఉబ్బు మీదే బొట్టు పెట్టాం. స్తంభం దాకా ఉన్న మిగతా తాడు బట్టలారేసుకోవడానికి పనికొచ్చింది.

పసుపు ఆకులు చూసి ముందుగా వైద్యం చెప్పింది మా జాబర్. జాబర్ అంటే మగ్గాలు బాగుచేసే మనిషి. కరీంనగర్ వైపు నుంచి వాళ్ళ నాన్న కాలంలో వచ్చిన కిరస్తానీ కుటుంబం. ఆదివారం ప్రార్థనకు తెల్ల చొక్కా, మిగతా రోజులన్నీ నల్ల చొక్కా. ఆ నలుపు నూనెది. ఏ జబ్బుకైనా అతని దగ్గర రెండు మందులున్నాయి: నూనె వెయ్యడం, బోల్టు బిగించడం. చెట్టుకు రెండూ పనికిరావని ఒప్పుకోవడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. ఒప్పుకున్నాక చెట్లు కొట్టే ఒక పాలమూరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

చెట్లాయన స్కూటర్ మీద సరంజామా అంతా తెచ్చాడు. కొక్కెంలా వంగిన కోయతా కత్తి, వెదురు గడకు కట్టిన కొడవలి, చేతి రంపం, గోనెలో చుట్టిన చైన్ రంపం మిషన్. మిషన్‌ను విప్పి అందరికీ చూపించి మళ్ళీ చుట్టేశాడు. అది స్టార్ట్ కాదట. ఠాణే అపార్టుమెంట్లలో చెట్లన్నీ తన చేతి మీదుగానే నిలబడ్డాయని మాత్రం చెప్పాడు.

జాబర్ ఆ చేతి రంపాన్ని అందుకుని పళ్ళ మీద వేలు నడిపించాడు.

"ఏందన్నా, పండ్లు గిట్ల అరిగినయ్? దీంతోని చెట్టును కోస్తవా, గోకుతవా?"

"నువ్వు పానా తిప్పుకునెటోనివి, నీకేం ఎర్క," అన్నాడు చెట్లాయన. "పచ్చి కట్టెకు పెద్ద పండ్లుండాలె, ఎడం ఎడం ఉండాలె. దగ్గర దగ్గరుంటె పొట్టు ఇరుక్కుంటది."

"ఎడం ఎడం అంటె మా తాత నోరు లెక్కనా?"

"మీ తాతనే తెచ్చేదుండె. ఆకురాయి ఉన్నదా మీ దగ్గర?"

కార్ఖానాలో ఆకురాయికి కొదవలేదు. జాబర్ తెచ్చి, గడప మీద కూర్చుని, రంపాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి ఒక్కో పన్నుకు పదును పెట్టసాగాడు. చెట్లాయన పక్కనే నిలబడి ప్రతి పన్నులోనూ ఒక తప్పు చూపించాడు. చాయ్ వచ్చింది. చాయ్‌లో చక్కెర మీద కూడా ఇద్దరికీ మాట కలవలేదు.

అక్క మిషన్ ఆపకుండానే అడిగింది. "నువ్వు చెట్టును చూడనీకొచ్చినవా, పండ్లు చూపిచ్చుకోనీకొచ్చినవా?"

"చూస్తున్న అక్కా. కింద నుంచే ఎర్కయితున్నది. నీళ్ళు తక్కువైనయ్ దీనికి."

అప్పటిదాకా ఎడతెగకుండా వానలు పడి ఆ పూటే ఆగాయి. మోరీ పొంగి వాకిట్లోకి వచ్చింది. మేము ఇటుకల మీద నిలబడి ఆ మాట విన్నాం. చెట్లాయన తన కాళ్ళ కింది ఇటుకను ఒకసారి చూసుకున్నాడు.

"ఎక్కువైన గూడ గిట్లనే అయితది," అన్నాడు.

తర్వాత నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కోయతా వెనక వైపుతో కొమ్మను తట్టుకుంటూ ఉబ్బు దగ్గరికి వచ్చి ఆగాడు.

"గీడ బొట్టెందుకున్నది సేటు? దేవుడున్నడా ఏంది?"

"తాడున్నది," అన్నాడు బావ కింద నుంచి. "చెట్టుకు ఆసరా."

చెట్లాయన కోయతా కొనతో ఉబ్బు పెదవిని లేపాడు. బెరడు పెచ్చుగా ఊడింది. లోపల గులాబీ రంగు మెరిసింది. అన్ని ఎండలు, అన్ని వానలు, చెట్టు లోపల అన్నేళ్ళ చీకటి, ఏదీ ఆ రంగును పోగొట్టలేకపోయింది. పేట ఒక్కటి కూడా వదులు కాలేదు. మా నూలు ఇంత గట్టిదని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మా దుకాణానికి ఎప్పుడూ దొరకలేదు. చెప్పుకునే పరిస్థితిలో ఎవరూ లేరు.

"ఎవలు కట్టిండ్రు సేటు గిది?"

"నేనే. ఎందుకు?"

చెట్లాయన తన మెడ చుట్టూ రెండు చేతులు పెట్టుకుని చూపించాడు. "బెరడు కిందికెల్లే దాని తిండి నడుస్తది. కొమ్మ లావైంది, తాడు ఏడున్నది ఆడనే ఉన్నది. పైది ఎండుకుంట వస్తున్నది. అటు కొమ్మకు ఏం కాదు, చెట్టు బతుకుతది. ఇది బతుకది."

"నేను కట్టకుంటె గప్పుడే పడుతుండె," అన్నాడు బావ.

"అది గూడ నిజమే."

నిజమే కావడం వల్ల బావకు ఏమీ కలిసిరాలేదు. తాడు వైపు చూసి, "నూలైతే మంచిదే," అన్నాడు, తనలో తాను అన్నట్టు.

అక్క తల ఎత్తలేదు. కండె నిండింది, తీసింది, ఇంకోటి పెట్టింది. మధ్యలో దగ్గు వచ్చింది. బావ నిచ్చెన దగ్గరికి పోయి గొంతు తగ్గించి, అంటే మా కార్ఖానా ముందు తగ్గించగలిగినంత తగ్గించి అడిగాడు.

"తాడు కోసేసి కొమ్మను ఉండనియ్యరాదా? జర చూద్దాం."

"కోస్తె పట్టుకునేది ఏముంటది? రేకుల మీదికి వస్తది. లోపట మనుషులున్నరు గద."

"ఇంకో తాడు కడ్తె? జర పైకి కడ్తె?"

"అన్నా," అన్నాడు జాబర్, "నువ్వు జర దూరం నిలబడు."

ఎవరూ నవ్వలేదు. బావ నిజంగానే రెండడుగులు వెనక్కి జరిగాడు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది: పడుగు చుట్టే పాత ఇనుప దూలం, మా మాటలో భీము, ఒకదాన్ని కొమ్మ కింద నిలువుగా ఆన్చడం, ఆ ఆసరా మీద తాడును చేతికందినంత కోసి లాగెయ్యడం, వానాకాలం అయ్యేదాకా చూడడం. ఈలోగా అవసరమైతే కొమ్మ కొట్టడానికి మునిసిపాలిటీ అనుమతి తెచ్చిపెట్టుకోవాలి. ఆ పని నాకు అప్పగించారు. ఆఫీసరు కుర్చీ ఉన్న చోటికి ఎక్కడికి పోవాలన్నా మా ఇంట్లో బీకాం చదివినవాడే పోవాలి. అనుమతి వచ్చింది. కొమ్మకు చిగురు మాత్రం రాలేదు. జాబర్ రోజూ భీము దగ్గరికి వచ్చి చేత్తో ఊపి చూసి, "బరాబర్ ఉన్నది," అని పోయేవాడు. బావ దాని వైపు చూడకుండానే పోయేవాడు. నేను దుకాణం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు చెట్టు ఎట్లా ఉందని అడిగి, తర్వాత అక్క ఎట్లా ఉందని అడిగేవాణ్ణి. రెండింటికీ ఒకే జవాబు వచ్చేది. మంచిగనే ఉన్నది.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చి వాకిట్లో చెయ్యి కడుక్కుంటున్నాను. లోపల మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నాగావ్‌లో మగ్గాల చప్పుడు ఆగితే చెవుల్లో ఏదో లోపం వచ్చినట్టు ఉంటుంది. నేత పనివాళ్ళు ఒకరి వెనక ఒకరు తలుపులోంచి తలలు బయటపెట్టారు.

"కరెంట్ పోయిందా?"

పోలేదు. అక్క మెయిన్ స్విచ్ కిందకు దించి, ఆ పిడి మీదే చెయ్యి పెట్టి నిలబడి ఉంది. అక్కడిదాకా పరుగెత్తినందుకు ఊపిరి అందక, మాట కోసం ఆగింది. మిషన్ ముందు ఆమె చేతుల మీద ఎప్పుడూ నీడే ఉంటుంది. ఆ రోజు ఎడమ చేతి మీద ఎండ పడిందట. తల ఎత్తి చూస్తే భీము పక్కకు జరిగి ఉంది.

"బయటికి రాండ్రి. కొమ్మ దిగుతున్నది."

అప్పుడు ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. చీలిక దగ్గర నారలు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు. సన్నగా, తీరిగ్గా. మగ్గాల మోతలో అది ఎంతసేపటి నుంచి తెగుతోందో.

బావ వచ్చాడు. పైకి చూశాడు. రేకుల వైపు చూశాడు.

"కొట్టియ్యుండ్రి," అంది అక్క. "ఇయ్యాల్నే."

"నీకు నీడ…"

"కొట్టియ్యుండ్రి."

జాబర్, పనివాళ్ళు కలిసి భీమును మళ్ళీ సరిగా ఆన్చి, ఇంకో భీము కూడా తోడు పెట్టారు. చెట్లాయన వచ్చేదాకా ఎవరూ లోపలికి పోలేదు. అతను వస్తూనే చైన్ రంపం ఈసారి స్టార్ట్ అయితదని చెప్పాడు. కాలేదు. జాబర్ పదును పెట్టిన చేతి రంపమే గతి అయింది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, అదొక్కటే ఆ రోజు చెట్లాయనకు దక్కిన మర్యాద.

"కొమ్మను తుంటలు తుంటలు చేసి మెల్లగ దించాలె," అన్నాడు చెట్లాయన. "గట్టి తాడుంటె ఇయ్యండి."

బావ అలవాటు కొద్దీ లోపలికి పరుగెత్తి ఒక చుట్ట పట్టుకొచ్చాడు. గులాబీ రంగుది. ఆ ఏడే పేనింది. అందరం దాన్ని చూశాం. బావ కూడా తన చేతిలో ఉన్నదాన్ని అప్పుడే చూశాడు. చెట్లాయన అందుకుని రెండు చేతులతో గుంజి చూశాడు.

"తెగది గద?"

"దాని ఫికర్ నీకు వద్దు," అన్నాడు జాబర్.

కొసల నుంచి మొదలుపెట్టారు. ప్రతి తుంటకూ ముందు కింది వైపు ఒక గాటు, తర్వాత కొంచెం అవతలగా పై నుంచి కోత. అట్లా చెయ్యకపోతే బరువుకు బెరడు చీలి మానుదాకా పోతుందట. చెట్లాయన రంపం లాగుతూ అరిచేవాడు, జాబర్ తాడును ఇనుప స్తంభానికి ఒక చుట్టు తిప్పి పట్టుకుని కొద్దికొద్దిగా వదిలేవాడు.

"వదులు వదులు. ఇంక వదులు అన్నా, గంత బిగవడ్తె ఎట్ల?"

"వదులుడు మాకు రాదు. నేర్చుకుంటున్న."

పొట్టు మా నెత్తుల మీద, అక్క కండెల మీద రాలింది. వేప కట్టె వాసన నూనె వాసనను కాసేపు వెనక్కి నెట్టింది. కోసిన మొదళ్ళు లోపల గోధుమ రంగుకు ఎండిపోయి ఉన్నాయి. పాత తాడు బిగిసిన చోటు దాటి కిందకు వచ్చాక కోసింది మాత్రం తడిగా, తెల్లగా ఉంది. చెట్లాయన ఆ గాయం అంచులను కోయతాతో నున్నగా చెక్కి, ఎర్రమట్టి కలిపి పూశాడు. చెట్టు ఇప్పుడు రోడ్డు వైపుకే ఒరిగి, మా వైపు ముఖం తిప్పుకున్న మనిషిలా నిలబడింది.

వానలు అంతకు రెండు రోజుల ముందే తెరిపి ఇచ్చాయి. ఎండ నేరుగా వచ్చి కండెల మిషన్ మీద పడింది. ఆ ఇనుప చట్రానికి అంత తుప్పు ఉందని నేను అప్పటిదాకా చూడలేదు.

బావ మాట్లాడడం మొదలుపెట్టాడు. సాధారణంగా తక్కువ మాట్లాడే మనిషి. తాడ్‌పత్రి పట్టా కప్పుదామన్నాడు. తాడ్‌పత్రి కింద ఉక్కపోస్తుందనిపించి, తోటల్లో కప్పే పచ్చ జాలీ తెద్దామన్నాడు. జాలీకి నూగు పడుతుందని తానే కొట్టేసి, నాలుగు పైపులు పాతి రేకు వేద్దామన్నాడు. లోపల కిటికీ పక్కన పెద్ద ఫ్యాన్ పెట్టిస్తే నూగంతా బయటికి పోతుందని జాబర్ అందుకున్నాడు. దాన్ని తానే బిగిస్తానన్నాడు. పచ్చ జాలీ మంచి రకం కల్యాణ్‌లో దొరుకుతుందని చెట్లాయన చెప్పాడు. ఎవరూ అడగలేదు. ఏది చేసినా చెట్టు కింది గాలి ఉండదు కదా, ఆయాసం మళ్ళీ మొదటికి వస్తే ఎట్లా అని నేను అన్నాను. చదువుకున్నవాడు ఒక్క మాటైనా అనాలి కాబట్టి అన్నాను. ఇంకో వేప మొక్క నాటుదామన్నాడు బావ. త్వరగా పెరిగే జాతి ఏదైనా ఉందా అని చెట్లాయనను అడిగాడు.

అక్క కోసి పడేసిన తుంట మీద కూర్చుని ఉంది. కొంగుతో మొహం మీది పొట్టు తుడుచుకుంది. దగ్గు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. నేను ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"చెట్టు కింద కూసున్నన్ని దినాలు నాకు ఏం తగ్గలె," అంది. "తగ్గింది తగ్గింది అని మీరే అనుకుంటిరి."